నీళ్లు పెంచిన నిప్పు

ఉగాది వెళ్లిన పక్షం రోజులకే సూర్యాపేట దాటాక గాలి మారిపోతుంది. చివ్వెంల దగ్గర బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెడితే పొయ్యి ముందు పెట్టినట్టే ఉంటుంది. ఉండ్రుగొండ గుట్టల మీద మోదుగులు పూలన్నీ రాల్చేసి, కాయలు వేలాడేసుకుని నిలబడి ఉంటాయి. ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో కాగి, మరాఠ్వాడా మీదుగా ఎండిన నేలనంతా తడుముకుంటూ వచ్చే గాలి ఇది. సముద్రం కోదాడకు మరీ దూరమేం కాదు. కానీ దాని చల్లదనం బెజవాడ దాకా రావడానికే ఆపసోపాలు పడుతుంది, ఇక్కడికేం వస్తుంది!

మైదానంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. 45 తాకితే ఇక లెక్కలతో పనిలేదు. గడ్డిపరకకు మాత్రం ఈ డిగ్రీల కంటే గాలిలో తేమే ముఖ్యం. సన్నటి ఎండుపరక గంటసేపట్లోనే చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే అంత పొడిగా మారిపోతుంది. పొద్దున మంచుకు మెత్తబడి, అగ్గిపుల్ల గీసినా రాజుకోని గడ్డే మధ్యాహ్నం రెండింటికి బీడీ ముక్క పడితే చాలు, భగ్గుమంటుంది.

కార్చిచ్చు అనగానే మనకు నల్లమల గుర్తొస్తుంది. ఇక్కడ అంత అడవి లేదు. ఇక్కడ కాలేది పొలం. విచిత్రమేమిటంటే ఈ నిప్పును పెంచింది నీళ్లే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు ఇక్కడ చెరువు కింది మడులు పోను మిగిలినవన్నీ జొన్న, ఆముదం, కంది చేలు. చొప్ప పశువులకు, కట్టె పొయ్యిలోకి పోయేది. చేలో కాలడానికి ఏం మిగిలేది కాదు. ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూములు పచ్చబడ్డాయి. సూర్యాపేట పక్క మూసీ నీళ్లున్నాయి. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరేసరికి కాలువ కట్టేస్తారు. కోత మిషన్ వెళ్లిన మడిలో మోకాలెత్తు కొయ్యకాళ్లు, వరుసలు వరుసలుగా గడ్డి మిగులుతాయి. తినే ఎడ్లు లేవు, ఏరే కూలీలు లేరు. దున్నబోతే నాగళ్లకు చుట్టుకుంటుంది. దాంతో అగ్గి పెడతారు. టన్ను గడ్డి కాలిస్తే ఐదున్నర కిలోల నత్రజని పొగలో పోతుందని తెలియక కాదు, వేరే దారి చేతికందక.

పొద్దున గాలి లేదని అంటిస్తారు. ఎండెక్కాక నేల వేడికి గాలి పైకీ కిందికీ కలగాపులగమై జోరందుకుంటుంది. అప్పుడు చూడాలి. కాలిన మడి నల్లగా ఉంటుంది కాబట్టి పక్క నేల కంటే ఎక్కువ కాగుతుంది. ఆ వేడిగాలి లేస్తూ లేస్తూ మెలి తిరుగుతుంది. బూడిద సుడి! తాటిచెట్టెత్తున నల్లటి స్తంభం మడిలో నడుచుకుంటూ పోతుంది. తుఫానుకు తిరిగే దిక్కు ఒకటే; దీనికి ఆ నియమం లేదు, కుడికైనా తిరుగుతుంది, ఎడమకైనా తిరుగుతుంది. పోతూ పోతూ ఆరని గడ్డిపరకను గట్టు దాటించి అవతలి వాముకు అంటిస్తుంది. పైనుంచి చూసే ఉపగ్రహానికి ఇదంతా ఒక ఎర్రచుక్క. అడవి కాలినా, మడి కాలినా చుక్క ఒకటే.

మంట అంచున మాత్రం పక్షులకు పండగ. పొగ చూసి గద్దలు, ఏట్రింతలు వస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఎదురుచూస్తూ ఉంటుంది. వేడికి ఎగిరిన మిడతను నీలిరెక్కలు విప్పుకుని గాల్లోనే అందుకుంటుంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు ఆదివాసులైతే, గద్దలు మండే పుల్లను మోసుకెళ్లి కొత్తచోట నిప్పు పెడతాయని చెబుతారు. మన గద్దలకు ఆ శ్రమ అక్కర్లేదు, మనమున్నాం.

ఆ మధ్య కోదాడ దగ్గర ఒక గట్టు మీద ఆరు తాటిచెట్లు అంటుకోవడం చూశాను. ఎండుమట్టలు లంగాలా వేలాడుతుంటాయి కదా, మంట వాటిని పట్టుకుని క్షణంలో తలకెక్కింది. చల్లారాక గీసే పెద్దాయన వచ్చి నల్లబడ్డ మొదలు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“బతుకుద్దా తాతా?”

“మొవ్వు కాలకుంటే బతుకుద్ది బిడ్డా. వాన పడితేగాని తెల్వదు.”

ఆయన చెప్పింది వృక్షశాస్త్రమే. వేపకో తుమ్మకో బెరడు కింద పల్చటి ప్రాణపొర ఉంటుంది. చుట్టూ అది కాలిందా, చెట్టు పోయినట్టే. తాటికి అలాంటి పొర లేదు. నీళ్లు మోసే నాళాలు మానంతా చెదిరి ఉంటాయి. పైన ఎంత మాడినా లోపల ఊట నడుస్తుంది. ప్రాణమంతా నడినెత్తిన, ఆ ఒక్క మొవ్వులో దాచుకుంటుంది.

ఆషాఢంలో మళ్లీ అటు వెళ్తే నాలుగింటికి నల్లటి తల మధ్యలోంచి కత్తిలా లేతాకు లేచింది. రెండు మోళ్లయ్యాయి. రెండేళ్లకు వాటిలో ఒకదాని తల పుచ్చి తొర్రపడింది. మొన్న మార్చిలో చూస్తే ఆ తొర్ర అంచున పాలపిట్ట కూర్చుని ఉంది, నోట్లో మిడతతో.