నిజం చెప్పిన బిడ్డకు మేమిచ్చిన జవాబు

గడచిన విద్యా సంవత్సరం ఆరంభమవుతున్న రోజులవి. ఆదోనిలో మన సముదాయపు పెద్దలు నడుపుతున్న ఒక పాఠశాలలో తెలుగు పండితుల ఉద్యోగం ఖాళీ అయింది. అభ్యర్థులను పరీక్షించే సంఘంలో కూర్చోవలసిందిగా మమ్మల్ని పిలిచారు. ఏళ్ళ తరబడి మదరసాలో అరబీ, ఉర్దూ బోధిస్తున్న మాకు తెలుగు వ్యాకరణంలో పాండిత్యమేమీ లేదు. అయినా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే తీరును బట్టి మంచిచెడ్డలు చెప్పగలమన్న నమ్మకంతో వెళ్ళాము.

ఆనాడు ఐదుగురు వచ్చారు. వారిలో ఒకామె ఆదోని బిడ్డ. తెలుగులో ఎం.ఏ. చదివి, పండిత శిక్షణ పూర్తిచేసింది. అత్తవారిది కృష్ణగిరి మండలంలోని ఒక పల్లె. భర్త బెంగుళూరులో పనిచేస్తున్నాడు. తొలి కాన్పు కోసం పుట్టింటికి వచ్చి, సొంత ఊరిలోనే ఉద్యోగం దొరికితే ఇక్కడే స్థిరపడాలని దంపతులిద్దరూ అనుకున్నారట.

ఐదవ తరగతి పిల్లలకు మాదిరి పాఠం చెప్పమన్నాము. ఆదోని పిల్లల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. 1953 అక్టోబరు 1 వరకు ఈ ఊరు బళ్ళారి జిల్లాలో ఉండేది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో తెలుగుతోపాటు కన్నడం. మూడు భాషల నడుమ పెరిగే మన పిల్లలకు ‘ళ’, ‘ణ’ అనే ధ్వనులు కొరుకుడుపడవు. అవి ఉర్దూలో లేవు. చాలామంది ఉపాధ్యాయులు ఆ తప్పుకు పిల్లవాణ్ణి మందలించి ఊరుకుంటారు. ఈ బిడ్డ అలా చేయలేదు. ఒక బాలుణ్ణి దగ్గరకు పిలిచి, నాలుక కొనను వెనుకకు మడిచి అంగిటికి తాకించమన్నది. ‘కల’ అంటే నిద్రలో వచ్చేదని, ‘కళ’ అంటే చేతిలో ఉండేదని చెప్పింది. ‘వాని’, ‘వాణి’ అనే మాటల తేడాను పిల్లల నోటనే పలికించింది. తజ్వీదు పాఠంలో ‘జ్వాద్’ అక్షరం కోసం మేము చేసేదీ ఇదే: ముందు మఖ్రజ్, అనగా ధ్వని పుట్టే చోటును చూపించడం, తరువాతనే పలికించడం. మా మనస్సు ఉప్పొంగింది. ఐదుగురిలో ఆమెకు సాటి వచ్చినవారు లేరు. ఈ మాట మేమే కాదు, సంఘంలోని వారందరూ ఒప్పుకున్నారు.

పాఠం ముగిశాక ఆమె వచ్చి కుర్చీలో కూర్చున్నది. సంఘంలోని ఒక పెద్దమనిషి గొంతు సవరించుకొని, “ఎన్నవ నెల, బేటీ?” అని అడిగాడు.

ఆమె తడబడలేదు. “ఆరవ నెల” అన్నది. కాన్పు ఎప్పుడో చెప్పింది. ఎన్ని వారాలు సెలవు కావాలో చెప్పింది. ఆ సెలవులో ఏ తరగతికి ఏ పాఠాలు మిగిలిపోతాయో, వాటిని ముందుగా ఎలా పూర్తిచేయవచ్చునో, ఏవి వేరొకరు చెప్పవలసి ఉంటుందో వ్రాసి తెచ్చిన కాగితాన్ని మా చేతికిచ్చింది. మేము దానిని మడిచి జేబులో పెట్టుకున్నాము.

ఆమె వెళ్ళిన తరువాత అందరి నోటా దయగల మాటలే వచ్చాయి. “పాపం, ఈ స్థితిలో నిలబడి పాఠాలెలా చెబుతుంది?” “సుఖంగా కాన్పు కానీ, ఆ తరువాత చూద్దాం.” “మనం ఆమె మేలు కోరే చెబుతున్నాం.” మేము కూడా తల ఊపాము. ఉద్యోగం వేరొకరికి ఇచ్చాము.

నాలుగు రోజుల తరువాత అస్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతుంటే ఆమె తండ్రి మాకోసం నిలబడి ఉన్నాడు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. ఒక మసాయిల్ అడగడానికి వచ్చానన్నాడు.

“హజ్రత్! వదులైన బురఖా వేసుకుంటే ఎవరికీ తెలియదు, అడిగితే లేదని చెప్పు అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా అమ్మాయికి చెప్పారు. అబద్ధంతో వచ్చే రొట్టె మనకు వద్దని నేను అన్నాను. నా మాట విని నిజం చెప్పింది. ఉద్యోగం పోయింది. నేను తప్పు చేశానా?”

“తప్పు చేయలేదు” అన్నాము. అంతకుమించి మాట పెగల్లేదు. ఆ రాత్రి జేబులోని కాగితం తీసి మొదటిసారి చదివాము. సంఘంలో ఏ ఒక్కరమూ దానిని చదవనేలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఈ వ్యాసం ఆ తండ్రికి మేము బాకీపడిన సమాధానం.

గర్భాన్ని వెల్లడించకపోవడం మోసమా? వర్తకంలో లోపాన్ని దాచడం నిషిద్ధమని మనందరికీ తెలుసు. దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. పైన పొడి గింజలు పరచి తడిని దాచిన ఆ వర్తకుణ్ణి ఆయన (స) గట్టిగా హెచ్చరించారు. మన ఆదోని పత్తి యార్డులో ఎవడైనా దూదికి నీళ్ళు చల్లి తూకం పెంచితే అతనికీ ఇదే వర్తిస్తుంది. కాని గర్భం తడిసిన ధాన్యం కాదు. ఫిఖ్‌హ్ పండితులు లోపమని చెప్పేది సరకు విలువను చెడగొట్టే దానిని. ఉద్యోగమిచ్చేవాడు మనిషి దేహాన్ని కొనడు, ఆమె శ్రమను, విద్యను కొంతకాలానికి పొందుతాడు. ఆరవ నెల గర్భం ఆమెకు తెలిసిన తెలుగులో ఒక్క అక్షరాన్నీ తగ్గించదు. కనుక అడగనిదే చెప్పనవసరం లేదు. అడిగితే అబద్ధమాడరాదు. సెలవు ఎప్పుడు అవసరమో ముందుగా తెలియజేసి, పిల్లల చదువు దెబ్బతినకుండా ఏర్పాటు చేయడం అమానత్‌లో భాగం. ఆ బిడ్డ వ్రాసి తెచ్చిన కాగితం ఆ అమానతే. ఆమె తన బాధ్యతను నెరవేర్చింది. నెరవేర్చనివారము మేము.

ఇక అడిగేవారి సంగతి. పనికి మనిషిని ఎంచుకోవడంలో ఏమి చూడాలో దివ్యఖుర్ఆన్ ఒక సందర్భంలో చెప్పింది. హజ్రత్ మూసా (అలై) మద్‌యన్ నీటిరేవు వద్ద ఇద్దరు అక్కచెల్లెళ్ళ పశువులకు నీళ్ళు పెట్టారు. తరువాత వారిలో ఒకామె, ఈయనను పనిలో పెట్టుకోండని తండ్రికి సలహా ఇస్తూ రెండు లక్షణాలు పేర్కొన్నది: సామర్థ్యం, విశ్వసనీయత. ‘ఖసస్’ సూరా 26వ ఆయతులో ఈ ప్రస్తావన ఉంది. ఆ కొలబద్ద ఒక స్త్రీ నోట వెలువడిందన్నది గమనించదగిన విషయం. మా ముందు కూర్చున్న బిడ్డ సామర్థ్యాన్ని మాదిరి పాఠంలో చూశాము. విశ్వసనీయతను ఆమె చెప్పిన నిజంలో చూశాము. రెండూ చూచి కూడా మూడవ ప్రశ్న వేశాము.

స్త్రీ బోధించడం మన చరిత్రకు కొత్త కాదు. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పారు. హజ్రత్ జాబిర్ (రజి) పినతల్లి విడాకుల ఇద్దత్‌లో ఉండి, తన ఖర్జూరపు తోటలో కాయలు కోసుకోవడానికి బయలుదేరితే ఒకాయన వారించాడు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి అడిగింది. ఆయన (స) అనుమతించారు. ఆ ఫలసాయంతో ఆమె దానమో, మరొక మంచి పనో చేయవచ్చునని అన్నారు. వారించినవాడు కూడా బహుశా మేలు కోరే వారించి ఉంటాడు. అయితే ఆమె మాటను ఆమె నోటనే విని తీర్పు చెప్పడం ప్రవక్త (స) పద్ధతి. మేము ఆ బిడ్డను “నీకు చేతనవుతుందా?” అని అడగలేదు. ఆమెకు బదులు మేమే నిర్ణయించి, ఆ నిర్ణయానికి దయ అని పేరు పెట్టుకున్నాము.

దేశపు న్యాయస్థానం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1989లో జీవిత బీమా సంస్థలో నీరా మాథుర్ అనే ఆమె వ్రాతపరీక్ష, మౌఖిక పరీక్ష నెగ్గి ఉద్యోగంలో చేరారు. చేరేముందు నింపవలసిన పత్రంలో నెలసరిని గురించి, గర్భాన్ని గురించి ప్రశ్నలున్నాయి. 1990 జనవరిలో ఆమెకు బిడ్డ పుట్టింది. పత్రంలో తప్పుడు వివరాలు వ్రాశారంటూ ఫిబ్రవరిలో ఆమెను తొలగించారు. 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని చెప్పి, అటువంటి ప్రశ్నలు స్త్రీల ఆత్మగౌరవానికి భంగకరమని, వాటిని పత్రం నుండి తొలగించాలని ఆదేశించింది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ ఆలోచన పోలేదు. మూడు నెలలు దాటిన గర్భిణులను తాత్కాలికంగా అనర్హులుగా పరిగణించాలన్న స్టేట్ బ్యాంకు నిబంధన 2022 జనవరిలో బయటపడి, విమర్శలు రాగా అదే నెలలో నిలిచిపోయింది. లజ్జను ఈమాన్‌లో ఒక శాఖగా ఎంచే మనము, పరాయి స్త్రీని నలుగురు పురుషుల నడుమ ‘ఎన్నవ నెల’ అని అడగడం ఏ లజ్జ? న్యాయస్థానం చెప్పకముందే మనకు తెలిసి ఉండవలసిన మాట ఇది.

పాఠశాల నడిపేవారి ఇబ్బందిని మేము కాదనడం లేదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, దాని పరిధిలోకి వచ్చే సంస్థలలో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవు కల్పించారు. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి తీసుకోరాదు. కాన్పుకు ముందరి 12 నెలలలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. చందాలతో నడిచే చిన్న బడికి ఈ వేతనం బరువే. అయితే ఆ బరువును తల్లి ఒక్కతే ఎందుకు మోయాలి? మస్జిదుకు రంగులు వేయించడానికి, జల్సాకు పందిరి వేయించడానికి మన ఊళ్ళలో డబ్బు పోగవుతుంది. జకాత్ సొమ్మును జీతాలకు వాడరాదు. కాని సాధారణ చందాల నుండి, ఇమ్దాద్ నిధి నుండి ఆ కొద్ది నెలలకు ఒక తాత్కాలిక ఉపాధ్యాయురాలి జీతం సమకూర్చడం అసాధ్యమేమీ కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ నాటి సంఘటన ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. పాలు మానిన బిడ్డలకే బైతుల్‌మాల్ నుండి భత్యం ఇవ్వాలన్న నియమం అప్పుడు ఉండేది. ఒక రాత్రి ఆయన మదీనా వెలుపల విడిసిన వర్తక బృందానికి కావలి కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లిని రెండు మూడు సార్లు మందలించినా బిడ్డ ఏడుపు ఆగలేదు. చివరకు ఆమె, తన ఎదుట ఉన్నది ఎవరో తెలియక, భత్యం కోసం బిడ్డకు బలవంతంగా పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ తెల్లవారు ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఖిరాఅత్ ఏడుపుతో జనానికి సరిగా వినబడలేదట. నమాజు ముగియగానే, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని ప్రకటించారు. ఆయన ఆ తల్లికి నీతిబోధతో సరిపెట్టలేదు. తల్లిచేత ఆ పని చేయించిన నియమాన్ని మార్చారు.

గర్భాన్ని దాచమని ఆ బిడ్డకు సలహా ఇచ్చిన ఇరుగుపొరుగు స్త్రీలను మేమిప్పుడు నిందించలేము. వారిచేత ఆ మాట అనిపించింది మావంటి వారి ప్రశ్నలే. నిజానికి శిక్ష పడుతుందని తెలిసిన చోట అబద్ధం నేర్పేవారు పుడతారు.

కుటుంబాలకు కూడా రెండు మాటలు. తల్లి బలహీనతపై బలహీనతను భరించి బిడ్డను మోస్తుందని ఖుర్ఆన్ తెలిపింది. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రమజాను ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటును షరీఅత్ ఇచ్చింది. భార్యాబిడ్డల పోషణ భర్త బాధ్యత. భార్య జీతం ఆమె సొత్తు. కనుక పనిచేయాలని ఆమెను బలవంతపెట్టరాదు. పనిచేయగలనని ఆమె, చేయవచ్చునని వైద్యురాలు అంటే అడ్డుపడనూ రాదు. బడిలో ఆమెకు కావలసినవి పెద్ద సౌకర్యాలు కావు: కూర్చోవడానికి ఒక కుర్చీ, మెట్లు ఎక్కనవసరం లేని క్రింది గది, పాఠానికి పాఠానికి నడుమ కొంచెం విశ్రాంతి. ఇంట్లో కావలసినది వంట పనిలో మరొకరి చేయి.

మేము ఆ సంఘం వద్దకు తిరిగి వెళ్ళాము. ఆ కాగితాన్ని బల్లపై పెట్టి చదివి వినిపించాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నియమించిన ఉపాధ్యాయురాలిని తొలగించడం మరొక అన్యాయమవుతుంది కనుక ఆ ఆలోచన చేయలేదు. ఇకమీదట అభ్యర్థినులను గర్భాన్ని గురించి, బిడ్డలను గురించి అడగరాదని, పరీక్షించే సంఘంలో ఇద్దరు స్త్రీలైనా ఉండాలని తీర్మానించి దస్తావేజులో వ్రాశారు. ఆనాడు ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషే ఆ తీర్మానం క్రింద మొదటి సంతకం చేశాడు.

ఆ బిడ్డకు మాత్రం ఆ ఉద్యోగం రాలేదు. ఈ మాటను మేము దాచడం లేదు. ఆమెకు కూతురు పుట్టింది, అల్‌హందులిల్లాహ్, ఇద్దరూ క్షేమం. ఇప్పుడు డీఎస్సీకి చదువుకుంటున్నది. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ ఉద్యోగాలు ప్రకటించారు. ఎంపికలో వ్రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం విలువ. మౌఖిక పరీక్ష లేదు. తదుపరి ప్రకటన కోసం ఆమె ఎదురుచూస్తున్నది. సమాధాన పత్రానికి కడుపు కనిపించదు. మా కండ్లకు కనిపించింది, చూడవలసిన పాఠం మాత్రం దాని వెనుక మరుగుపడిపోయింది.

ఆమె తండ్రి ఇప్పటికీ అస్ర్ నమాజుకు మా వరుసలోనే నిలబడతాడు. సలాము చెబుతాడు. మేము జవాబిస్తాము. ఆ మెట్ల మీద ఆయన అడిగిన ప్రశ్నకు నాడు చెప్పలేకపోయినది నేడు ఇలా వ్రాసి చెబుతున్నాము: భాయ్‌సాబ్, మీరు తప్పు చేయలేదు, మీ అమ్మాయి తప్పు చేయలేదు. తప్పు మాది.

నిజం చెప్పినవారికి నష్టం కలగని సమాజాన్ని కట్టే బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.