రొయ్యలు పడవా? ఇష్టం లేదా?

“మా బాబుకు రొయ్యలు పడవండి” అంటారు తల్లులు. ఈ ‘పడదు’ అనే మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

కొందరికి వాసనే గిట్టదు. ఎండు రొయ్యలు వేయించగానే కడుపులో తిప్పుతుంది, వాంతి కూడా కావచ్చు. ఇది అయిష్టం, ప్రాణభయం లేదు. బలవంతంగా తినిపించకండి, అంతే.

ఎలర్జీ వేరు. రొయ్యలోని మాంసకృత్తుపై శరీరమే తిరగబడుతుంది. సాధారణంగా నిమిషాల్లోనో, 2 గంటలలోపో దద్దుర్లు, దురద, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. తెలియక తిన్నా వస్తాయి. వంకాయ కూరలో చిటికెడు రొయ్యపొడి చాలు. ఉడికించినా ఆ గుణం పోదు. తినగానే నోరు దురద అన్న బిడ్డను మొండివాడనుకోకండి!

రొయ్య పడనివారికి పీత కూడా తరచుగా పడదు. గోదావరి చేప మాత్రం చాలామందికి పడుతుంది, దాని మాంసకృత్తు వేరు గనుక. అయినా ఇంట్లో తినిపించి పరీక్షించవద్దు, డాక్టరుగారికి చూపించండి. ఏమి తిన్నారో, ఎంతసేపటికి వచ్చిందో గుర్తుంచుకుని చెబితే సగం పని అయినట్టే.

గొంతు బిగిసినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే కావలసింది అడ్రినలిన్ ఇంజక్షన్. ఎలర్జీ మాత్ర చాలదు. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెలవారు దూరమని తెల్లవారేదాకా ఆగకండి, 108కు ఫోను చేయండి.