ఖర్చులేని పుర్రె

అమెరికాలో అక్టోబర్ 31న హాలోవీన్ పండక్కి పుర్రెలు, ముసుగులు డబ్బిచ్చి కొంటారు. వార్షికోత్సవ నాటికకు మేము హాస్టల్లోనే చేసుకుంటాం.

మన ఊళ్ళలో అంబలి పోసుకునే ఆనపకాయ బుర్ర ఒకటి చాలు. అడుగు కోసి, కళ్ళకు రంధ్రాలు పెట్టాలి. మైదా ఉడికించిన జిగురుతో పాత పేపరు ముక్కలు నాలుగైదు పొరలు అతికించాలి. నుదుటికి, దవడకు పేపరు ముద్ద పెడితేనే పుర్రె రూపం వస్తుంది. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకొకటి. అరకు చలిలో ఆలస్యమైనా ఆగాల్సిందే, లేకపోతే బూజు పడుతుంది. సున్నంలో కాస్త జిగురు కలిపి పూస్తే రాలదు. ఆరాక పలుచని కాఫీ డికాక్షన్‌తో తుడిస్తే పాత ఎముకలా కనబడుతుంది. ఈ పని మాత్రం భలే సరదా!

నెత్తురుకు పసుపులో తడి సున్నం కలపాలి. సున్నం క్షారం కాబట్టి పసుపు ఎర్రబడుతుంది. ఇది బొమ్మలకే, ముఖానికి పూయకూడదు. లోపల కొవ్వొత్తి వద్దు, టార్చిలైటు పెట్టాలి.

దయ్యానికి ముసలమ్మ వేషం మాత్రం వెయ్యం. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన సంఘటనలు మన ఏజెన్సీలో జరిగాయి. అందుకే మా దయ్యానికి కొమ్ములు, కోరలే తప్ప ఊళ్ళో ఎవరి పోలికా ఉండదు. నాటిక అయ్యాక ఆ పుర్రెను మూడో తరగతి పిల్లల చేతికే ఇచ్చి, లోపల ఏముందో చూడమంటాం.