సిమెంటు సీమలో సొంతిల్లు

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి దొరుకుతుంది. జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల్లో సిమెంటు తయారవుతుంది. అయినా ఇక్కడి యువ దంపతులకు సొంతిల్లు తాతల నాటికంటే దూరమైంది. కారణం గోడలు కాదు, గోడల కింది నేల. వెనకటి తరంలో చాలామందికి స్థలం పెద్దల దొడ్డిలోంచే వచ్చేది. మట్టి, తాటాకు, చుట్టాల సాయం ఉంటే ఇల్లు లేచేది. ఇప్పుడు గజాల లెక్కన కొనాలి. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న జగ్గయ్యపేట, నందిగామల్లో ఆ గజం ధరను స్థానిక జీతాలు నిర్ణయించడం లేదు. 2014లో రాజధాని కృష్ణ ఒడ్డుకు వస్తుందనగానే స్థలాలకు రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాటతో బేరాలు నెమ్మదించాయి. 2024లో ప్రభుత్వం మారాక ఆశలు మళ్లీ లేచాయి.

పాత ఇళ్లలో ఏం సుఖముందని అడగవచ్చు. నిజమే, వానకు కారేవి, చాలావాటికి మరుగుదొడ్డి ఉండేది కాదు, ఆ బాధ ఎక్కువగా ఆడవాళ్లే పడ్డారు. స్లాబూ మరుగుదొడ్డీ కావలసిందే. వాటికయ్యే ఖర్చు మీద నాకు పేచీ లేదు. పేచీ నేల ధర మీదే. ధర పెరిగితే పొలమమ్మిన రైతు బాగుపడ్డాడుగా అంటారు. పట్టా ఉన్నవాడు సరే, కౌలు రైతుకు, అద్దెకుండే ఫ్యాక్టరీ కార్మికుడికి ఏం దక్కింది? 2020 డిసెంబరులో పట్టణ పేదలకిచ్చిన స్థలం ఒక సెంటు, అంటే 48 గజాలు. అందులో మూడు తరాలు ఇమడవు. ముసలివాళ్లు వేరుపడితే పిల్లల మనసులు మారాయని నిందించడం అన్యాయం. ఫ్యాక్టరీలకూ మార్కెట్ యార్డులకూ దగ్గరగా, జీతానికి తగిన అద్దె ఇళ్లను మున్సిపాలిటీలే కట్టించాలి.