సగము బలము

వ్యాయామము స్త్రీకి తగునా యనునది మన పెద్దల కాలమున నడచిన వాదము. ఆ వాదము తీరిపోయినది. ఇప్పటి ప్రశ్న వేఱు: ఎంత చేయవలెను, ఎప్పుడు ఆగవలెను? బొత్తిగా చేయనివారిని మందలించుచు పలువురు వ్రాసియున్నారు. అతిగా చేయువారి సంగతి, అందును నలువది దినములలో దేహమును మార్చివేయవలెనని పూనుకొను మన యాడుపిల్లల సంగతి వ్రాసినవారు తక్కువ. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా దానినే ముచ్చటింప దలచితిమి.

మా యూరు ఆలంపూరు. తుంగభద్ర గట్టున, జోగులాంబ యాలయముతోను, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములతోను ప్రసిద్ధిగన్న క్షేత్రమిది. మునుపు మహబూబునగరము జిల్లాలో నుండి, 2016లో గద్వాల జిల్లాలో చేరినది. ఊరిలో షా అలీ పహిల్వాను దర్గా కూడ కలదు. పహిల్వాననగా మల్లుడే గదా! దేహబలమును గౌరవించుట యిచ్చటివారికి క్రొత్తగాదు. కాని సాము గరిడీలు పురుషుల సొత్తు. స్త్రీల సాము రోకటితోను, విసురుఱాతితోను, నీళ్ళ బిందెతోను జరిగెడిది. "జొన్నలు విసరిన చేతులకు వేఱే కసరత్తు లెందుకే అమ్మాయీ" అని మా అత్తగారు నేటికిని అనుచుందురు. ఆమె చేతులకు అది నిజమే. మా చేతులకు కాదు. విసురుఱాయి పెరటి మూలకు చేరినది. పిండి మరనుండియు, పచ్చడి మిక్సీనుండియు, నీరు కుళాయినుండియు వచ్చుచున్నవి. కూర్చుండి చేయు పని పెరిగినది. ఆ కూర్చుండుటయు బడలికగానే తోచుచున్నది.

పొలమున పనిచేయు తల్లుల సంగతి దీనికి విరుద్ధము. మా ప్రాంతమున పత్తి విత్తనపు సేద్యము విస్తారము. పువ్వు పువ్వునకును చేతితో పుప్పొడి నద్దవలెను. ఉదయము మొదలుకొని యెండలో నిలిచి చేయు ఆ పనిలోను, బురదలో నడుము వంచి నాట్లు వేయు పనిలోను దేహము మిక్కిలి శ్రమించును. బలపడుట మాత్రము స్వల్పము. దినమెల్ల ఒకే కదలిక, ఒకే కీలుమీద భారము, నడుమ విశ్రాంతి లేదు, తిండి చాలదు. వ్యాయామములో ఎప్పుడు ఆగవలెనో మన చేతిలో నుండును. కూలిపనిలో అది యింకొకరి చేతిలో నుండును. అట్టి తల్లులకు పరుగెత్తుడని చెప్పుట మాకు సిగ్గుగా తోచును. వారికి కావలసినది మధ్యాహ్నమున ఒక గంట నీడ, కడుపునిండ పప్పుతో అన్నము.

ఇక అసలు సంగతికి వత్తుము. నేడు మా పల్లెల యాడుపిల్లలు పోలీసు కొలువులకు పోటీపడుచున్నారు. ఇది మాకు మిక్కిలి సంతోషము గూర్చు విషయము. తెలంగాణములో 2022లో జరిగిన కానిస్టేబులు నియామకములలో స్త్రీలకు విధించిన దేహపరీక్ష యిట్టిది: 800 మీటర్ల దూరమును 5 నిమిషముల 20 సెకనులలో పరుగెత్తవలెను, రెండున్నర మీటర్లు దుముకవలెను, 4 కిలోల యినుపగుండును 4 మీటర్ల దూరము విసరవలెను. లెక్కవేసి చూచినచో ఆ పరుగు గంటకు 9 కిలోమీటర్ల వేగము. పరుగే గాని, గుఱ్ఱపు పరుగు కాదు. ఆరోగ్యవతియగు పిల్ల నాలుగైదు నెలలు క్రమముగా సాధన చేసినచో సాధారణముగా అందుకొనదగినదే. చిక్కంతయు ఆ నాలుగైదు నెలలను ఒక్క నెలలోనికి కుదించుటలో నున్నది.

మావారి శిష్యురాలొకతె, పొరుగూరి పిల్ల, ఇట్లే పూనుకొన్నది. అంతకు మునుపు పుస్తకము వదలి లేచి యెఱుగదు. ప్రకటన వెలువడినది మొదలు రెండుపూటలును తారురోడ్డుమీద గంటసేపు చొప్పున పరుగు. కాళ్ళకు హవాయి చెప్పులు. ఒడలు తేలికపడవలెనని రాత్రి భోజనము మానినది. మొదటి రెండు వారములు వేగము పెరిగినది, ముఖము వెలిగినది, ఊరివారు మెచ్చుకొనిరి. మూడవ వారమున మోకాలి క్రింద, జంఘయెముక మీద, రూపాయి బిళ్ళంత మేర నొప్పి యారంభించినది. పరుగులో నొప్పి సహజమని యెవరో చెప్పగా, గుడ్డ బిగించి పరుగెత్తినది. అయిదవ వారమునకు కాలు మోపలేక ఆసుపత్రికి పోగా, ఎముకలో సన్నని చీలిక యున్నదనిరి. ఆ యేడు పరీక్ష చేజాఱినది. ఆ పిల్ల తల్లి మా యింటికి వచ్చి, "పడలేదు, దెబ్బ తగులలేదు, ఎముక ఎట్లు చీలెనమ్మా" అని యడిగినది. అది యడుగదగిన ప్రశ్న.

దేహములోని భాగములన్నియు ఒకే వేగమున బలపడవు. గుండెయు, ఊపిరియు, కండలును కొలది వారములలోనే క్రొత్త పనికి అలవడును. కండను ఎముకకు కట్టియుంచు స్నాయువులకును, ఎముకకును నెలలు పట్టును. ఎముక ఱాయి వంటిది కాదు, జీవముగలది. క్రొత్త భారము పడినప్పుడు అది మొదట తనలోని పాత భాగమును తొలచుకొని, పిమ్మట ఆ చోట క్రొత్తదానిని నింపుకొనును. తొలచుట త్వరగా జరుగును. నింపుట మెల్లగా జరుగును. ఇల్లు బాగుచేయుటకు పాత దూలమును తీసి, క్రొత్తది యింకను ఎక్కింపని నడిమి కాలము వంటి దది. పరుగు మొదలిడిన మూడు నాలుగు వారములకు, ఊపిరి చక్కబడి ఉత్సాహము మిన్నంటుచుండగా, ఎముక ఆ నడిమి స్థితిలో నుండును. ఆ సమయముననే మన పిల్లలు పరుగును రెట్టింతురు. నొప్పి కండయంతట పరచుకొని రెండు దినములలో తగ్గినచో భయము లేదు. వ్రేలితో చూపదగినట్లు ఎముకపై నొక్కచోటనే యుండి, నడచినకొలది హెచ్చినచో, పరుగు మాని వైద్యునకు చూపవలెను.

ఆ పిల్లకు ఇంకొకటి కూడ జరిగినది. తల్లి చెవిలో చెప్పినది. రెండు నెలలుగా బహిష్టు కాలేదు. పరుగువలన అట్లగుట మంచిదేయని, శ్రమ తప్పినదని కొందఱు పిల్లలు అనుకొందురట! సోదరీమణులారా, ఇది దాచుకొను విషయము గాదు. పనికి తగిన తిండి లేనప్పుడు, దేహము పొదుపరియగు గృహిణి వలె, నేడు లేకున్నను గడచునట్టి వ్యయములను మొదట కత్తిరించును. స్త్రీ దేహములో ఆ కత్తిరింపు బహిష్టుతో మొదలగును. దానితోపాటు ఎముకను కాపాడు స్త్రీధాతువు, అనగా ఈస్ట్రోజను, తగ్గిపోవును. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014లో ఈ స్థితికి ప్రత్యేకముగా నామకరణము చేసి, ఎముకలు, గుండె, మనస్సు, రోగనిరోధశక్తి అన్నియు దీనివలన క్రుంగునని హెచ్చరించిరి. ఎముకల నిధి సుమారు ముప్పది యేండ్ల లోపుననే నిండును. అటుపైని వ్యయమే గాని రాబడి స్వల్పము. ఇరువదవ యేట పోగొట్టుకొన్నది అరువదవ యేట తుంటివిఱుగుడై తేలవచ్చును. మూడు నెలలు వరుసగా బహిష్టు తప్పినచో, గర్భము కాదని తేలిన పిదప, వైద్యురాలి నడుగక యుండరాదు.

మన పూర్వులు ఈ విషయమును విస్మరించలేదు. సుశ్రుతుడును వాగ్భటుడును వ్యాయామమును పొగడినవారే. ఐనను అర్ధబలముతోనే చేయుమనిరి. ఉన్న శక్తిలో సగము వ్యయపడగానే నిలుపవలెనట. వాగ్భటుడు శీతకాలమునకును వసంతమునకును ఒక కొలత, మిగిలిన ఋతువులకు అంతకంటె తక్కువ కొలత చెప్పెను. మా కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో వైశాఖపు టెండ నెఱిగినవారికి ఆ భేదమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు. సగమైనదని తెలియుట యెట్లు? శ్వాస నోటికి వచ్చుటయే గుర్తని సుశ్రుతుడు చెప్పెను. ఈ కాలపు వైద్యులు చెప్పునది వినుడు: మాటలాడ గలిగి, పాట పాడలేనిచో అది మధ్యమ వ్యాయామము, నాలుగు మాటలకే ఊపిరి కొఱకు ఆగవలసివచ్చినచో అది కఠిన వ్యాయామము. ఇద్దఱును నోటినే కొలపాత్రగా గ్రహించిరి. యంత్రము లేవియు ముంజేతికి కట్టుకొననక్కఱ లేదు.

కఠినమైనదానిని విడిచిపెట్టుడని మా యభిప్రాయము గాదు. కఠిన కార్యమును సాధించిన మన యాడుపిల్లల చరిత్రలు చూడుడు. నల్లగొండ సీమలోని భువనగిరి కొండ యొకే శిల. దానిమీద కోట యున్నది. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని, కొండలెక్కుట నేర్చినది ఆ శిలమీదనే. పిమ్మట డార్జిలింగు, ఆ పిమ్మట చలికాలపు లదాఖు. అటుపిమ్మటనే ఎవరెస్టు. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, శిఖరముపై నిలిచినది. జనులు ఆ శిఖరపు చిత్రమునే చూతురు. మాకు భువనగిరి ఱాయి ముఖ్యముగా కనబడును.

శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట పుత్రిక కరణం మల్లీశ్వరి సంగతి ఇంకను ఆలోచింపదగినది. ఆ సీమకు దేహబలము క్రొత్తగాదు; ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొనిన కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమువారే. మల్లీశ్వరి బాల్యముననే బరువులెత్తుట కారంభించి, 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యైనది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీలకు బరువులెత్తు పోటీని తొలిసారి ప్రవేశపెట్టిరి. నాడు ఆమె 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలెత్తి, మొత్తము 240 కిలోలతో కంచు పతకము గొన్నది. ఒలింపిక్ పతకము నందుకొనిన తొలి భారత స్త్రీ ఆమెయే. కడపటి యత్నమున స్వర్ణము గోరి 137.5 కిలోలకు చేయిచాపగా అది నిలువలేదు. మఱుసటి యేడు తల్లియైనది. 2004లో ఏథెన్సునకు పోయినది గాని, వెన్నునొప్పివలన పోటీ పూర్తి కాలేదు, ఆట విరమించినది. అట్టి యభ్యాసమునకు దేహము మూల్యము చెల్లింపక తప్పదు. దేశపతాకము కొఱకు ఎఱిగి చెల్లించువారికి మన నమస్కారము. పెండ్లిచీరలో సన్నగా కనబడుట కొఱకు అదే మూల్యమును చెల్లించుట మాత్రము మాకు బోధపడదు.

పెండ్లి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ముహూర్తమునకు నెల ముందు వ్యాయామశాలకు పంపి, అన్నము మాన్పించి, పిల్లను పది కిలోలు తగ్గింపజూచు తల్లులు పట్టణములలో కలరు. ఇప్పుడు గద్వాలలోను, కర్నూలులోను కలరు. వారమునకు అర కిలో తగ్గుట మేలైన నడక. అంతకు మించి వడిగా పోవుదానిలో నీరును కండయు చాల భాగముండును. కండ పోయిన దేహము మఱల కొవ్వునే ముందుగా కూడబెట్టును. వ్యాయామమొక్కటియే బరువును విశేషముగా తగ్గింపదు. వంటింటి మార్పు తోడుపడవలెను. అన్నము కుప్ప తగ్గించి, పప్పు, పెరుగు, శనగలు, గ్రుడ్డు తినువారైన గ్రుడ్డు పెంచినచో ఆకలి బాధింపదు.

ఇక కొలతలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ వ్యాయామము, లేక అందులో సగము కఠిన వ్యాయామము. దానితో కనీసము రెండు దినములు కండలకు బలము గూర్చు పని. వడివడిగా నడచుటయు, చెమటపట్టునట్లు ఇల్లు తుడుచుటయు ఇందు లెక్కకు వచ్చును గనుక మా అత్తగారి మాటకు కొంత గెలుపే. ఐనను బరువెత్తుట యను రెండవ భాగమును మనవారు విడిచిపెట్టుదురు. నలువది దాటిన స్త్రీకి ఎముక నిలుపునది అదియే. కుర్చీనుండి చేతులూనక పదిమార్లు లేచుట, గోడకు చేతులానించి దండెములు తీయుట, నీటితో నింపిన సీసాల నెత్తుట చాలును. సాధన చేయు పిల్లలు మొదటి నెల వారమునకు మూడు దినములే పరుగెత్తి, నడుమ నడకను కలుపుకొని, పిమ్మట మెల్లగా హెచ్చింపవలెను. వారమున ఒక దినము పూర్తిగా విశ్రాంతి. తారుకంటె మట్టి బాట మేలు. బూట్లు కొనుట దుబారా కాదు. నిదురలేచిన వెంటనే నాడి ఎప్పటికంటె వడిగా కొట్టుకొనుచు, నిద్రపట్టక, చీటికిమాటికి కోపము వచ్చుచుండినచో, దేహము సెలవడుగుచున్నదని యెఱుగునది.

మొదలిడుటకు మునుపు రక్తపరీక్ష చేయించుట మఱవవలదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము పలుచనై మెట్లెక్కిననే ఆయాసపడు పిల్లను "బద్ధకస్తురాలా" యని పరుగెత్తించుట క్రౌర్యము. ప్రాథమికారోగ్య కేంద్రమున ఇనుపధాతువు మాత్రలు దొరకును. బాలింతలు వైద్యురాలి యనుమతి లేక పొట్ట తగ్గించు కసరత్తులకు తొందరపడరాదు. అలవాటు లేని కఠిన శ్రమ చేసిన మఱునాడో మూడవనాడో కండలు వాచి, మూత్రము టీ డికాషను రంగున వచ్చినచో, నలిగిన కండలోని పదార్థము మూత్రపిండములకు చేరుచున్నదని యర్థము. తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

అరువదియైదేండ్లు దాటినవారికి బలముతోపాటు తూకము నిలుపు అభ్యాసము వారమునకు మూడు దినములైనను ఉండవలెనని అదే సంస్థ చెప్పినది. మా వీథిలోని యొక పెద్దమ్మగారు వంటింటి గట్టును పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట అభ్యసించుచున్నారు. కుక్కరు మొదటి కూతకు కుడికాలు దింపి యెడమకాలెత్తుదురు. మూడవ కూతకు రెండును దింపి, పొయ్యి యార్పి కూర్చుందురు.