తాత తట్టితే దిండు కదులుతుంది

ఆ రాత్రి మా బాపు ఎంతసేపు పిలిచాడో ఎవరికీ తెలియదు. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఏడాది అవుతోంది. మాట కూడా ముద్దగానే వస్తుంది. మంచం పక్కనే కింద పడుకున్న మా అమ్మకు వినపడలేదు. ముప్పై ఏళ్లు సాంచాల పక్కన కూర్చొని కండెలు చుట్టిన చెవులవి. బాపు తానే లేవబోయి పడ్డాడు. నుదుటికి మూడు కుట్లు.

మన షోలాపూర్ ఇళ్లల్లో ఇలాంటి చెవులు కొత్త కాదు. నాడె అటు పోతే టక్కు, ఇటు వస్తే టక్కు. ఒక్క సాంచకే నిమిషానికి వందకు పైగా దెబ్బలు. ఎనిమిది గంటల పనిలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీ నియమాల్లో రాసి ఉంది. ఇంటిని ఆనుకున్న షెడ్డులోకి వచ్చి కొలిచేదెవరు?

డిప్లొమా రెండో ఏడు చదివే మా అబ్బాయి "నాన్నా, తాతకు నేనొకటి చేస్తా" అన్నాడు. ఆర్డ్యునో ఊనో అనే బోర్డు తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. నకలు రకమైతే నాలుగైదు వందలకే దొరుకుతుంది. దానికి చిన్న మైకు కలిపాడు. రెండుసార్లు చప్పట్లు కొడితే దీపం వెలిగింది. ఇంటిల్లిపాదీ కొట్టి చూశాం. బాపు మాత్రం ఎడమ చెయ్యి పైకెత్తి, దాన్నే కాసేపు చూసి నవ్వాడు. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు కదా! పిల్లవాడి మొహం మాడిపోయింది. నాకైతే తట్టనే లేదు, వాణ్ణేం అనను?

మరి ఒక చేత్తో ఏ చప్పుడు వస్తుంది? చిటికె వస్తుంది, మంచం పట్టె మీద తట్టు వస్తుంది. ఏది ఏదో బోర్డుకు తెలిసేదెట్లా అని అడిగితే వాడు నాకు ఇట్లా చెప్పాడు. మైకు నుంచి వచ్చే కరెంటును బోర్డు సెకనుకు సుమారు 9 వేల సార్లు చూసి, ప్రతిసారీ 0 నుంచి 1023 లోపు ఒక అంకె వేసుకుంటుంది. చప్పుడు లేనప్పుడు అంకె మధ్యలో, 512 దగ్గర నిలుస్తుంది. చప్పుడు పుట్టగానే పైకీ కిందికీ ఊగుతుంది. సెకనులో 50వ వంతు కాలంలో ఆ మధ్య గీతను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టాలి, అంతే. చిటికెది సన్నని చప్పుడు, ఊపు ఎక్కువ. మా ఇంట్లో 80 దాటింది. చప్పట్లకు 40, 60 మధ్య తిరిగింది. పట్టె మీద తట్టితే బరువు చప్పుడు, 20 లోపే. దోసిలి పట్టి చప్పట్లు కొడితే మాత్రం లెక్క కిందికి జారి బోర్డు తికమక పడేది. స్టీలు గిన్నె కింద పడితే చిటికె అనుకునేది!

అసలు చిక్కు పక్క షెడ్డులో రాత్రి పాళీ మొదలయ్యాక వచ్చింది. నాడె కొట్టిన ప్రతిసారీ బోర్డు ఉలిక్కిపడింది. దీపం ఆగకుండా మిణుకుమిణుకు. మైకుతో కాదని వాడు పీజో బిళ్లను మంచం పట్టెకు అతికించాడు. బజర్లలో ఉండే ఇత్తడి రేకు బిళ్లే అది, పదీ ఇరవై రూపాయలు. గాలిలో చప్పుడు దానికి పెద్దగా పట్టదు, అంటుకున్న కర్ర అదిరితేనే పలుకుతుంది. రెండు తీగల మధ్య ఒక మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. నేల అదురు రాకుండా మంచం కాళ్ల కింద పాత టైరు ముక్కలు నేను పెట్టాను. ఆ ఒక్క పనీ నాది.

ఇంకో కట్టు కూడా వేశాడు. రెండు తట్లు పడాలి, వాటి మధ్య ఎడం అర సెకను లోపు ఉండాలి, తర్వాత ఒక సెకను ఏ అదురూ ఉండకూడదు. సాంచా అట్లా ఊరుకోదు. మనిషి ఊరుకుంటాడు.

అయినా అమ్మ లేవలేదు. మొహం మీదికంటా చద్దర్ కప్పుకుంటే దీపం ఏం కనిపిస్తుంది? బెల్లు పెట్టి లాభం లేదు. చివరికి పాత గేమ్ రిమోట్‌లోని వణికే మోటారు తీసి, గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టాడు. బోర్డు పిన్ను నేరుగా దాన్ని తిప్పలేదు, మధ్యలో ట్రాన్సిస్టర్, డయోడ్ ఉండాలి. మొదటి రాత్రి అమ్మ దిండు కింద ఎలుక దూరిందని కేకలేసింది.

ఒక మాట. ఇదంతా 5 వోల్టుల పని, సెల్ చార్జరు మీద నడుస్తుంది. ఇంటి 230 వోల్టుల దీపాన్ని రిలేతో కలపాలనుకుంటే పిల్లల్ని ముట్టనియ్యకండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఆ పడటం తర్వాత బాపు మళ్లీ ఒంటరిగా లేవబోలేదు. మైకు తీసెయ్యలేదు, షెడ్డు ఆగిన వేళల్లో చిటికె వేస్తే తన దీపం తానే వెలిగించుకుంటాడు. ఇప్పుడు మూడు తట్లంటే చాయ్ అని పట్టు పట్టాడు. దానికి వంటింట్లో చిన్న ఆకుపచ్చ బల్బు పెట్టాడు పిల్లవాడు. నిన్న పొద్దున ఐదింటి లోపే నాలుగుసార్లు వెలిగింది.