రిజర్వు అను మాట

ఉట్నూరు చుట్టుప్రక్కల అడవి గూడెములలో ఇంగ్లీషు చదువనివారికి సైతము తెలిసిన ఇంగ్లీషు క్రియ యొకటి గలదు. అది రిజర్వు చేయుట. పట్టణవాసులకు అది రైలులో ముందుగా దక్కిన చోటు. గోండు రైతునకు తాతలనాటి చేనికడ్డముగా గీచిన గీత.

దీనికి మూలము లాటిను భాష. ‘రె’ యనగా వెనుకకు, ‘సెర్వారె’ యనగా కాపాడుట. వెనుకకు తీసి దాచుట దీని తొలి యర్థము. ఫ్రెంచి భాష మీదుగా 14వ శతాబ్దిలో ఇంగ్లీషున చేరెను. సేవచేయుట యను నర్థముగల ‘సర్వు’ వేరొక లాటిను క్రియనుండి వచ్చినది. రెండింటిని ఒకటిగా తలపరాదు.

దాచుట మంచి పనియే. మన రైతు విత్తనములు తీసి దాచిన పిమ్మటనే తిండిగింజలు కొలుచును. అయితే ఆ గింజలు అతనివి. పరుల సొత్తును దాచుటకు ఆ పేరు చెల్లునా?

1878లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన అడవి చట్టము ఈ క్రియకు అధికారమిచ్చెను. రిజర్వు అడవిలో అనుమతించినది తప్ప తక్కినదెల్ల నేరమయ్యెను. నిజాం ప్రభుత్వమును ఆ త్రోవనే నడచెను. పోడు మానుమనిరి, పశువుల మేతకు పన్ను గట్టిరి, గూడెములను గీత వెలుపలికి వెడలగొట్టిరి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ పిమ్మటనే ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫుచేత గోండుల కష్టములను విచారింపజేసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. పిదప కొందరికి భూమి పట్టాలును లభించెను.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము ఆ క్రియనే మరియొక పనికి వినియోగించెను. దాని 330, 332 అధికరణములు చట్టసభలలో గిరిజనులకు స్థానములు రిజర్వు చేసినవి. ఉట్నూరు చేరియున్న ఖానాపూర్ నియోజకవర్గము అట్టిదే. ఒకనాడు వారికి అందకుండ దాచిరి. పిమ్మట వారికొరకు దాచిరి. మాట మారలేదు, దాచినదెవరికను సంగతి మారినది.

2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని నమ్మి బ్రతుకువారి హక్కును ముందుగా తేల్చుమన్నది. 2012లో ఆ సమీపముననే కవ్వాల్ పులుల రిజర్వు ఏర్పడెను. పులిని కాపాడుట ధర్మమే; దానిని మేము కాదనము. అయితే భూమి విలువ యెరిగిన మన పాఠకులు, రిజర్వు అను ప్రకటన వెలువడినప్పుడెల్ల రెండు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. దాచుచున్న సొత్తు ఎవరిది? ఎవరికొరకు దాచుచున్నారు?